గోనె కప్పిన బకెట్టు

రంగులవాళ్ల కోడలు నాకు మొదటినుంచీ నచ్చలేదు. ఈ ముక్క ముందే చెప్పేస్తే తర్వాత పని తేలిక. ఎదురుపడితే నవ్వదు. "ఎక్కడికమ్మాయ్?" అంటే "బయటికి" అంటుంది. "ఎప్పుడొస్తావ్?" అంటే "పనయ్యాక" అంటుంది. నోట్లో ముత్యాలున్నట్టు, తెరిస్తే ఎక్కడ రాలిపోతాయో అన్నట్టు మాట్లాడుతుంది. అలాంటి మనిషి గురించి ఎందుకు రాయడం అంటే, మా వీధిలో ఒక్కొక్కరు ఒక్కో కథ చెబుతున్నారు, అందులో ఒక్కటీ సరైంది కాదు. చూసినదాన్ని నేను. మా డాబా మీద నిలబడితే వాళ్ల అద్దకం పెరడంతా పళ్లెంలో పెట్టినట్టు కనిపిస్తుంది. మా వెనక గోడా, వాళ్ల కొట్టు గోడా ఒకటే. ఆ పైన ఆమె చదివే కాలేజీలో అటెండరు మా చెల్లెలి అల్లుడు. ఇక నాకు తెలియకుండా పోయేదేముంటుంది?

ఆమె తండ్రి నీళ్ల ట్యాంకరు నడిపేవాడు. నీళ్లు రాని వీధులకు నీళ్లు తెచ్చేవాణ్ని జనం నెత్తిన పెట్టుకుంటారనుకుంటాం. అదేం లేదు. ఆలస్యమైతే తిడతారు. ముందే వస్తే బిందెలు సర్దుకోనివ్వలేదని తిడతారు. నీళ్లు మురికిగా ఉంటే ఆయనే కలిపి తెచ్చినట్టు తిడతారు. సెలవు రోజుల్లో ఈ పిల్ల తండ్రి పక్కన కూర్చుని ఊరంతా తిరిగేదట. ఆయన తిట్లు తింటుంటే ఈమె కిందికి దిగి, గొట్టం దగ్గర గ్లాసుతో నీళ్లు పట్టి చూసేదట. బాగుంటే "ఊరికే తిడుతున్నారు నాన్నా" అనేదట. బాగా లేకపోతే "వాళ్లు తిట్టింది నిజమే నాన్నా" అనేదట, అదీ అందరికీ వినబడేట్టు. పెళ్లినాడు ఆయనే నాకు నవ్వుతూ చెప్పాడు. నేను నవ్వలేదు. ఈ పిల్ల అత్తారింట్లో ఎలా నెగ్గుకొస్తుందా అని అప్పుడే అనుమానపడ్డాను.

సంబంధం కుదిరిన తీరు కూడా అలాంటిదే. రంగులాయన, అంటే అద్దకం పెరడు ఆసామి, పిల్లను చూడ్డానికి వెళ్లి "అమ్మాయికి రంగులు తెలుసా?" అన్నాడు. "రసాయనాలు చదువుతోందండీ, తెలియకేం" అన్నాడు తండ్రి. తొట్ల దగ్గర రంగు పాళ్లు చూసే మనిషి కోడలి రూపంలో దొరికిందని ఈయన మురిసిపోయాడు. తీరా వచ్చాక ఆమె ఇంకా పెద్ద చదువు చదవాలంది, పరిశోధనట. మొగుణ్ని అడిగితే "ఊఁ" అన్నాడు. అతను అన్నిటికీ అంతే. అమ్మ పిలిచినా ఊఁ, నాన్న తిట్టినా ఊఁ. వీధంతా అతన్ని "ఊఁ బాబు" అనే పిలుస్తుంది.

ఇక ఆ పెరడు సంగతి. తానులు ఉడకబెట్టి రంగులు వేసి, మిగిలిన నీళ్లు కాలవలోకి వదిలేవాళ్లు. ఆ కాలవ మా గుమ్మాల ముందునుంచే పారుతుంది. ఒకరోజు ఎరుపు, ఒకరోజు నీలం. వీధి పిల్లుల పాదాలు చూసి రంగులాయనకు ఏ ఆర్డరు వచ్చిందో చెప్పేవాళ్లం. నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది, బావిలో చేద వేస్తే గులాబీ నీళ్లు వచ్చినప్పుడు తెలుస్తుంది. అందరం కలిసి పైవాళ్లకు మొరపెట్టుకున్నాం. అందులో మొదటి గొంతు నాదే, దాచుకోవడానికేముంది? తనిఖీకి వస్తామని, అప్పటికీ నీళ్లు తేటగా లేకపోతే పెరడుకు సీలు వేస్తామని పైవాళ్లు చెప్పి వెళ్లారు.

ఆ సాయంత్రం రంగులాయన కోడల్ని పెరట్లోకి పిలిచాడు. నేను డాబా మీద బట్టలు తీసుకుంటున్నాను. నిజానికి అవి ఇంకా ఆరలేదు.

"ఇన్నాళ్లూ చదువు చదువని తిరిగావు కదమ్మా. నీళ్లలో రంగు తీసే చదువేనట కదా నీది. తీసి చూపించు. తేరాయా, నీ చదువు నీది, ఎన్నాళ్లయినా చదువుకో. నేను నోరెత్తను. తేరలేదా, ఆ పుస్తకాలు అటకెక్కించి, కర్ర పట్టుకుని తొట్ల దగ్గర నిలబడు."

"సరే మామయ్యా" అంది ఆమె. ఒక్క మాట. బతిమాలదు, ఏడవదు. అత్తగారికి ఒళ్లు మండింది. "సరేనట! ఏదో మనకు మేలు చేస్తున్నట్టు!"

అప్పటినుంచి వాళ్ల వెనక కొట్టు, అంటే పాత తానులు పడేసే గది, ఆమెకు కార్ఖానా అయింది. కాలేజీలో మూలపడేసిన కరెంటు కొలిమి ఒకటి తెచ్చి అందులో పెట్టింది. అది పనిచేసిన మొదటి రోజు ఘాటుకు నా కళ్లల్లోంచి ధారలు కట్టాయి. గోడ దగ్గరికి వెళ్లి అరిచాను.

"ఏం కాలుస్తున్నావే తల్లీ, ముక్కులూడిపోతున్నాయి!"

"యూరియా, పిన్నిగారూ."

"పొలంలో చల్లేదా? దాన్ని కాలిస్తే ఏమొస్తుంది?"

"పసుపుపచ్చటి పొడి. కార్బన్ నైట్రైడ్ అంటారు."

"ఎంతొస్తుంది?"

"గుప్పెడు."

వంటింట్లోంచి అత్తగారు అందుకుంది. "బస్తా పోస్తే గుప్పెడు! విన్నావా వదినా? ఈవిడ కాపురం కూడా అంతే!"

"మూత పెట్టి కాలిస్తే గుప్పెడు, అత్తయ్యా. మూత తీసేస్తే అదీ మిగలదు" అంది కోడలు. ఆ మాట మూకుడు గురించి అందో, అత్తగారి నోటి గురించి అందో నేనిప్పటికీ తేల్చుకోలేదు. అత్తగారు మాత్రం అప్పుడే తేల్చుకుంది. కొలిమి వెలిగినప్పుడల్లా వెళ్లి ఫ్యూజు పీకెయ్యడం మొదలుపెట్టింది.

అయినా ఆమె ఆగలేదు. తర్వాత ఐసుగడ్డలు తెచ్చింది. గాజు పాత్రను ఐసులో కూర్చోబెట్టి, యాసిడ్ నీళ్లలో నూనెలాంటిదేదో వేసి, దానిమీద ఇంకేవో ఉప్పునీళ్లు చుక్క చుక్కగా వదిలింది. నీళ్లలాంటిది కాస్తా నీలంగా మారింది, చూస్తుండగానే చిక్కటి ఆకుపచ్చ అయింది. కొట్టు కిటికీలోంచి తల పెట్టి చూస్తున్నాను. నాకు ఉండబట్టలేదు.

"ఇదేమిటమ్మాయ్?"

"పాలీఅనిలిన్. కరెంటు పారే ప్లాస్టిక్కు లాంటిది."

ఆ పేరు పలకడానికి నాకు రెండు పళ్లు తక్కువ. "ఆ పసుపుదానికీ దీనికీ పొత్తేమిటి?" అన్నాను.

విసుక్కుంటుందనుకున్నాను. చేతిలో పని ఆపకుండానే చెప్పింది. "ఎండ తగిలితే ఆ పసుపు పొడిలో ఒక జంట విడిపోతుంది పిన్నిగారూ. విడిపోయి చెరో పక్కకి వెళితే అవి నీళ్లలో రంగును ముక్కలు ముక్కలు చేస్తాయి. కానీ వెళ్లవు. కన్ను మూసి తెరిచేలోగా మళ్లీ కలిసిపోతాయి. ఇక పనేం జరగదు. ఈ ఆకుపచ్చది మధ్యలో దూరి ఒకదాన్ని పట్టుకుని అవతలికి లాక్కుపోతుంది. మళ్లీ కలవనివ్వదు."

"ఓస్! మీ అత్తగారన్నమాట!"

ఆమె పెదవి కొస కదిలింది. నవ్వేదే. ఇంతలో ఇంట్లో చెంబు గోడకు తగిలి దొర్లిన చప్పుడు వినబడింది. అత్తగారి చెవులు పాముచెవులు.

మొదట్లో ఆమె ఆకుపచ్చది కొంచెమే కలిపింది. నీళ్లు తేరడానికి పొద్దుపోయేది, అప్పటికీ పూర్తిగా తేరేవి కావు. రంగులాయన రోజూ వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని చూసి, "ఈలోగా నేను ముసలివాణ్నయిపోతాను" అని పోయేవాడు. కాలేజీలో గురువుగారు ఇంకో పక్కనుంచి పొడిచేవాడట, ఎక్కడో పెద్దల ముందు చెప్పుకోవాలి, ఏదో ఒకటి త్వరగా తెమ్మని. ఆమె ఆకుపచ్చది పెంచింది. నీళ్లు త్వరగా తేరాయి. ఇంకా పెంచింది. ఇంకా త్వరగా తేరాయి. పసుపు పొడి కనబడకుండా పోయి, చివరికి కాటుకలా తయారైంది. గురువుగారు భుజం తట్టాడని మా చెల్లెలి అల్లుడు చెప్పాడు.

సరే, ఒక ఉదయం పెరట్లో ఎర్ర తానులు కడిగిన చివరి నీళ్లు బకెట్లకు పట్టించి, ఒక బకెట్లో పొడి వెయ్యకుండా, రెండింట్లో పొడి వేసి ఎండలో పెట్టింది. మొగుడికి కర్ర ఇచ్చి, "అప్పుడప్పుడు కలుపుతూ ఉండండి" అని చెప్పి కాలేజీకి వెళ్లిపోయింది. ఆమె మలుపు తిరిగిందో లేదో అత్తగారు బయటికొచ్చింది. అటూ ఇటూ చూసింది. పైకి మాత్రం చూడలేదు. చివరి బకెట్టు మీద గోనెసంచి మడతలేసి కప్పి, దాని మీద చెక్క పెట్టి, చెక్క మీద రాయి పెట్టింది. ఎండతో పనిచేసే పొడి కదా, ఎండే తగలకుండా చేస్తే నలుగురి ముందు కోడలి బండారం బయటపడుతుందని ఆవిడ లెక్క. ఊఁ బాబు కర్రతో వచ్చాడు. గోనె చూశాడు. ఏమిటని అడగలేదు. ఒక మూల ఎత్తి, కర్ర లోపలికి దూర్చి, కలిపి, మళ్లీ మూసి పోయాడు. చెప్పిన పని చెప్పినట్టు చేస్తాడు, అదొక్కటే అతనిలో ఉన్న సుగుణం.

పొద్దు వాలేవేళకు కోడలు తిరిగొచ్చింది. పెరట్లో జనం గుమిగూడారు. తొట్ల దగ్గర పనిచేసే ఆడవాళ్లు, వీధిలో పనిలేనివాళ్లు, నాలాగే పని మానుకున్నవాళ్లు. పొడి వెయ్యని బకెట్టు ఎర్రగా అలాగే ఉంది. పొడి వేసిన బకెట్లో నీళ్లు అడుగు కనబడేంత తేటగా ఉన్నాయి. రంగులాయన మీసం మెలేశాడు. సరిగ్గా అప్పుడు అత్తగారు మూడో బకెట్టు దగ్గరికి నడిచింది.

"అంతా చూశారుగా! ఇప్పుడు దీన్ని కూడా చూడండి, అసలు సంగతి తెలుస్తుంది" అని రాయి తోసి, చెక్క తీసి, గోనె లాగేసింది.

అందులోనూ నీళ్లు తేటగా ఉన్నాయి.

అత్తగారి ముఖం చూడాలి. మింగలేదు, కక్కలేదు. అందరిదీ ఒకటే నవ్వు. "చీకట్లోనూ పనిచేస్తుందిరోయ్!" అన్నారెవరో. రంగులాయన పొంగిపోయాడు. "ఎండ కూడా అక్కర్లేదట! ఇక మబ్బు పట్టినా మనకు దిగుల్లేదు! శభాష్ కోడలా!" పెళ్లయి వచ్చాక ఆ ఇంట్లో ఆమెకు దక్కిన మొదటి మెప్పు అది.

ఆమె మాత్రం పాలిపోయింది. "ఈ గోనె ఎప్పుడు కప్పారు?" అంది.

"నాకేం తెలుసు? గాలికి ఎగిరొచ్చి పడుంటుంది" అంది అత్తగారు.

నేను డాబా మీదనుంచి వంగాను. "గోనె ఎగిరొచ్చింది సరే, దాని మీదికి చెక్క, చెక్క మీదికి రాయి కూడా ఎగిరొచ్చాయా వదినా?"

"నీ ఇంట్లో పొయ్యి లేదా, పొద్దస్తమానం మా పెరట్లోనే నీ కళ్లు!"

"పిన్నిగారూ" అంది కోడలు తలెత్తి, "పొద్దున్నే కప్పారా? నేను వెళ్లగానే?"

"నువ్వు మలుపు తిరగ్గానే. ఒక్క ఎండపొడ తగల్లేదు."

ఆమె బకెట్టు అడుగున పేరుకున్న పొడిని గిన్నెలోకి తీసుకుని కొట్టులోకి వెళ్లిపోయింది. జనం ఆమెను చూసి పొగరనుకున్నారు. "మెచ్చుకున్నా మూతి విరుపే" అన్నారు.

ఆ తర్వాత జరిగింది నేను గోడ ఇవతలినుంచి విన్నాను, కొంత సందులోంచి చూశాను. ఆమె మామగారిని పిలిచింది. తానులకు వాడే సోడా గుప్పెడు తీసుకుని నీళ్లలో కలిపి, ఆ నల్లటి పొడి మీద పోసింది. పొడి నీలంగా తిరిగింది. నీళ్లు ఎర్రబడ్డాయి. పొద్దున్న బకెట్లో ఉన్న ఎరుపే.

"రంగు ఎక్కడికీ పోలేదు మామయ్యా. పొడిలోకి ఎక్కింది, అంతే. మనం నీళ్లు శుభ్రం చెయ్యలేదు. పొడికి అద్దకం వేశాం."

అద్దకం పనివాడికి ఇంతకన్నా విడమర్చి చెప్పాలా? అయినా ఆమె చెబుతూ పోయింది. పొడి వేశాక ముందు చీకట్లో ఉంచి, చీకట్లోనే ఎంత రంగు పోయిందో చూసుకోవాలట, ఆ తర్వాతే వెలుతురు పెట్టాలట. వాళ్ల పనిలో అది ఓనమాలట. ఆకుపచ్చది కొంచెమే కలిపిన మొదటి పొడికి అలాగే చేసింది. నల్లపొడి దగ్గరికి వచ్చేసరికి, కాలేజీలో ఎండకు బదులు వాడే దీపం కోసం తోటివాళ్లు వరుస కట్టారని, తనిఖీ దగ్గరపడిందని, ఆ ఒక్క మెట్టు దాటేసింది. ఆకుపచ్చది ఎక్కువై పసుపును మూసేసింది. ఇక ఎండ తగిలేదెక్కడ, పనిచేసేదెక్కడ? రంగును పీల్చుకోవడమే మిగిలింది. నాలుగుసార్లు వాడితే పొడి కడుపు నిండిపోతుంది, ఆ తర్వాత ఒక్క చుక్కా పీల్చదు.

"తనిఖీవాళ్లు ఎన్నిసార్లు వస్తారు?" అన్నాడు రంగులాయన.

"ఒకసారి."

"మరింకేం? వాళ్లు చూసేది నీళ్లని, నీ పొడి కడుపుని కాదు. నోరు మూసుకో."

"నేను చెప్పకుండా ఉండలేను మామయ్యా."

"చెప్పావంటే నీ చదువు ఆ రోజుతో సరి. నేనిచ్చిన మాట గుర్తుందిగా? తేరితేనే."

మర్నాడు ఆమె గురువుగారి దగ్గరికి వెళ్లింది. అక్కడైనా దారి దొరుకుతుందనుకుందేమో. మా చెల్లెలి అల్లుడు గుమ్మం దగ్గరే ఉన్నాడు. గురువుగారు మొత్తం విని, కుర్చీలోంచి లేవకుండానే అన్నాడట: "కప్పిన బకెట్టు సంగతి నిన్నెవరడిగారు? కప్పింది మీ అత్తగారు. చూసింది పక్కింటావిడ. ఇది శాస్త్రమా, వీధి కొట్లాటా? నేను ఇప్పటికే పెద్దల ముందు చెప్పేశాను." పక్కింటావిడ అంటే నేను. ఆయన మా ఇంటి ముందునుంచి ఎప్పుడైనా వెళ్లకపోతాడా, అప్పుడు చెబుతాను శాస్త్రమేమిటో.

తనిఖీ రోజున వీధి వీధంతా పెరట్లోనే ఉంది. సీలు వేస్తుంటే కళ్లారా చూడాలని వచ్చినవాళ్లం మేం. తీరా చూస్తే రంగులాయన పొద్దున్నే నల్లపొడి వేసి పెట్టాడు, నీళ్లు అద్దంలా ఉన్నాయి. కోడల్ని వంటింట్లో ఉండమన్నారు. వంటింటి గుమ్మానికి అడ్డంగా పీట వేసుకుని, కాళ్లు బారజాపుకుని అత్తగారు కాపలా కూర్చుంది.

తనిఖీ ఆయన ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని వచ్చాడు. గ్లాసుతో నీళ్లు తీసి చూశాడు. "బాగానే చేశారే" అన్నాడు. రంగులాయన చేతులు నలుపుకుంటూ "అంతా మీ దయ" అన్నాడు. ఇక జన్మంతా రంగు కాలవేనా అనుకున్నాను.

అప్పుడు వంటింట్లోంచి అత్తగారి కేక. "నా కాళ్లు దాటుతావా! పెద్దదాని కాళ్లు దాటి పోతావా!"

దాటేసింది. చేతిలో సోడా పొట్లం. నేరుగా వచ్చి, "ఆ నీళ్లు పారబోయకండి సార్" అని, బకెట్లో సోడా గుమ్మరించి, కర్రతో అడుగునుంచి కలిపింది. నీళ్లు గులాబీ రంగు తిరిగి, చూస్తుండగానే ఎర్రబడ్డాయి.

"ఏమిటయ్యా ఇది?" అన్నాడు తనిఖీ ఆయన.

"దానికి ఒంట్లో బాగోలేదు సార్. మతి స్థిమితం లేదు" అన్నాడు రంగులాయన.

"రంగు పొడిలో దాక్కుంది సార్" అంది ఆమె. "ఈ పొడిని తీసుకెళ్లి చెత్తకుప్పలో పోస్తారు. వీధిలో వాళ్ల సబ్బునీళ్లు తగిలితే మళ్లీ దిగి బావిలోకే పోతుంది. తప్పు పొడిదే, నేను చేసిందే. సరైంది ఇంకా తయారుకాలేదు."

తనిఖీ ఆయన ఆమెను మెచ్చుకున్నాడనుకుంటున్నారా? "తయారుకానిదానికి నన్నెందుకమ్మా పిలిచారు? నాకు వేరే పనులు లేవనుకున్నారా?" అని ఆమె మీద కూడా ఎగిరాడు. ఎగిరి, పెరడుకు సీలు వేశాడు. తొట్లలో మిగిలిన నీళ్లు ఒక్క చుక్క కూడా బయటికి వదలకూడదని చెప్పి వెళ్లాడు.

రంగులాయన ఆమె ముఖంలో ముఖం పెట్టి, "రేపు కాలేజీ గడప తొక్కావంటే నా గడప తొక్కకు" అన్నాడు. ఊఁ బాబు కర్ర పక్కన పడేసి దగ్గరికొచ్చాడు. అతని నోటివెంట పూర్తి వాక్యం వినడం మాకదే మొదలు.

"మా నోటి దగ్గర కూడు లాగేశావు నువ్వు."

ఆమె అతన్ని చూసింది. "ఊఁ" అంది.

ఇక వీధి. కాలవ బాగుపడింది కదా, ఆమెను పొగుడుతారనుకుంటాం. తొట్ల దగ్గర పనిచేసే ఆడవాళ్లందరూ మా వీధివాళ్లే. పని పోయేసరికి మూసెయ్యాలని అరిచిన నోళ్లే తిరగబడ్డాయి. "రెండు ముక్కలు మింగి ఊరుకుంటే దీని సొమ్మేం పోయింది?" అన్నారు. మూసెయ్యమన్నది మేం, మూయించింది ఆమె. తిట్లు మాత్రం ఆమె ఒక్కదానికే. ట్యాంకరు సీటులో కూర్చుని వినాల్సినన్ని విన్నది కాబట్టి తట్టుకుందేమో. నేనైతే ఒక్కొక్కరి జుట్టూ పట్టుకునేదాన్ని.

మర్నాడు పొద్దున్నే ఆమె కాలేజీకి వెళ్లింది. సాయంత్రం వచ్చింది. మామగారి గడప తొక్కలేదు. సందులోంచి తిరిగి వచ్చి నేరుగా కొట్టులోకి పోయింది. ఆ కొట్టుకు గడపే లేదు. మామగారి మాటా పోలేదు, ఆమె చదువూ పోలేదు. కొట్టుకూ ఇంటికీ మధ్య తలుపుకు అత్తగారు తాళం వేసింది. ఆమె పాత తానుల మీద పడుకుని, స్టవ్ మీద ఏదో ఉడకేసుకుని తినేది. ఊఁ బాబు తలుపు అవతల, ఆమె ఇవతల. పొడిలో జంట సంగతి నాకు గుర్తొచ్చింది కానీ ఈసారి నవ్వు రాలేదు.

గురువుగారు ఆమెతో మాట్లాడటం మానేశాడట, పొమ్మని మాత్రం అనలేదు. పొమ్మంటే ఎందుకని పెద్దలు అడుగుతారుగా. మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టింది. ఆకుపచ్చది బాగా తగ్గించేసింది. పసుపు పొడికి పొగ తగిలినట్టు ఉందంతే. కొట్టు పైకప్పు మీద రెండు గాజు సీసాలు పెట్టేది, ఒకటి ఎండలో, ఒకటి గుడ్డ కప్పి. ఎండలోది సాయంత్రానికి గులాబీ రేకులా పాలిపోయేది. కప్పింది పొద్దున పెట్టినంత ఎర్రగా ఉండేది, ఏ కొంచెమో తగ్గేది. ఒకరోజు అత్తగారు నిచ్చెనెక్కి ఆ గుడ్డ ఎత్తి చూసి, దిగి, గోడ దగ్గరికి పరిగెత్తుకొచ్చింది.

"చూశావా వదినా! కప్పింది కప్పినట్టే ఎర్రగా ఉంది. అప్పుడు చీకట్లో కూడా తేరిన పొడి, ఇప్పుడు చచ్చూరుకుంది. దేవుడున్నాడు!"

అది చచ్చిన పొడి కాదు, అప్పుడే సరిగ్గా పుట్టిన పొడి. చీకట్లో ఊరుకుని, ఎండలోనే పనిచేస్తోంది. నాకు తెలుసు. చెప్పలేదు. చాలాకాలానికి ఆవిడ సంతోషంగా ఉంది, నాకెందుకు?

రంగులాయనకు మాత్రం చెప్పనక్కర్లేకపోయింది. ఆయన కూడా పెరట్లోంచి రోజూ ఆ సీసాల వంక చూస్తూనే ఉన్నాడు. సీలు వేసిన తొట్లలో నీళ్లు పారబోయకూడదు, అలాగే ఉంచితే కంపు. పనిలేక ఆయన ముఖం వాడిపోయింది, కోపం మాత్రం వాడలేదు. ఒక ఉదయం మూతున్న ప్లాస్టిక్కు డబ్బా మోసుకుంటూ సందులోంచి కొట్టు ముందుకు వచ్చి, దభీమని దించాడు. సందువైపు ఊడుస్తున్న నేను చీపురు ఆపాను.

"నీ సీసాల్లోవి చివరి కడుగు నీళ్లు, ఎవరైనా తేరుస్తారు" అన్నాడు. "ఇది తొట్టి అడుగు. ఉప్పుంది, సోడా ఉంది, గంజి ఉంది, లేనిదేమీ లేదు. నీ సీసాల్లో కాదు, ఇందులో చేసి చూపించు."

ఆమె మూత తీసింది. ఆ కంపుకు నేనే వెనక్కి తగ్గాను, ఆమె కదల్లేదు. వేలు ముంచి, రెండు వేళ్ల మధ్య రుద్ది చూసింది.

"కాకపోవచ్చు మామయ్యా."

"కాదనే తెచ్చాను."

"ముందు యాసిడ్ పోసి ఈ సోడా విరగ్గొట్టాలి. తర్వాత పొడి. ఎన్నాళ్లు పడుతుందో చెప్పలేను."

"నేనడగలేదు."

"కాలేజీకి తీసుకెళ్లాలి. అక్కడ కొలిచే మిషన్లున్నాయి. డబ్బా బరువు."

కాలేజీ అన్న మాటకు ఆయన దవడ బిగిసింది. గడప మాట ఎత్తుతాడేమోనని చూశాను. ఎత్తలేదు. ఇంటివైపు తిరిగి, "ఒరేయ్, రా! ఇది మొయ్యి!" అని అరిచి, కోడలి ముఖం చూడకుండా వెళ్లిపోయాడు.

ఊఁ బాబు వచ్చి డబ్బా భుజానికెత్తుకున్నాడు. ఆమె ముందు, అతను నాలుగు బారల వెనక. తొట్ల దగ్గర పని పోయినావిడ గుమ్మంలో నిలబడి, "మళ్లీ ఏ కొంప ముంచడానికో ఊరేగింపు!" అంది. ఆమె తల తిప్పలేదు. డబ్బా మూత వదులుగా ఉంది. సరిగ్గా నేను ఊడ్చిన వాకిలి ముందే ఎర్రటి చుక్కలు పడ్డాయి.

"కళ్లు నెత్తికెక్కాయా? నా వాకిలి!" అని అరిచాను.

ఆమె వెనక్కి వచ్చింది. మొగుడి భుజం మీది డబ్బాకు మూత బిగించింది. నాకేసి చూసింది. ఏదైనా అంటుందేమోనని చీపురు పట్టుకుని నిలబడ్డాను. ఆమె తిరిగి కాలేజీవైపు నడిచింది. ఆ చుక్కలు నేనే కడుక్కున్నాను, అంత తేలిగ్గా పోలేదు.